చెల్లోకు మైకు వద్దు, రిహార్సల్ గంటలు కావాలి

సంపాదకులకు,

ఎల్గార్ చెల్లో కాన్సర్టోను, అంటే పెద్ద వయొలిన్ లాంటి చెల్లోకు ఆర్కెస్ట్రా తోడుగా నడిచే కృతిని, పూర్తి ఆర్కెస్ట్రాతో మన నగరంలో వినిపించే ప్రయత్నం జరుగుతోందని మీ సిటీ పేజీలో చదివి ఎంతో సంతోషించాం. అయితే అదే వార్తలో 'అత్యాధునిక సౌండ్ సిస్టమ్', 'భారీ ఎల్‌ఈడీ తెరలు' అన్న మాటలు చూసి మనసు చివుక్కుమంది. ఈ కృతికి అవి రెండూ అక్కర్లేదు. పైగా మొదటిది దాన్ని పాడుచేస్తుంది. స్పీకర్ల అద్దెకు పెట్టే డబ్బును అదనపు రిహార్సళ్లకూ, వేదిక మీద చెక్కపనికీ మళ్లిస్తే హైదరాబాద్ శ్రోతలు ఈ కాన్సర్టోను స్వరకర్త రాసుకున్నట్టుగా వింటారు. ఈ వాద్యాలతో రోజూ మెలిగేవాళ్లం కాబట్టి ఎక్కడ ఏం కావాలో, ఏది ఎందుకు చెడుతుందో ఈ ఉత్తరంలో రాస్తున్నాం. కొంచెం పొడుగైనా ప్రచురించగలరు.

ముందుగా కృతి గురించి. ఇంగ్లండ్ స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ దీన్ని 1919లో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, ససెక్స్ అడవుల మధ్య బ్రింక్‌వెల్స్ అనే చిన్న ఇంట్లో పూర్తి చేశాడు. స్వరశ్రేణి ఇ మైనర్, ఆయన రచనల వరసలో సంఖ్య ఓపస్ 85. నాలుగు భాగాలు కలిపి అరగంట. అదే ఏడాది అక్టోబరు 27న లండన్ క్వీన్స్ హాల్‌లో ఫీలిక్స్ సాల్మండ్ చెల్లోతో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో, ఎల్గార్ స్వయంగా కండక్ట్ చేయగా తొలి ప్రదర్శన జరిగింది. అది దెబ్బతింది. సంగీతంలో లోపం ఉండి కాదు, రిహార్సల్ సమయం చాలక. ఆ సాయంత్రం మిగతా కృతులను ఆల్బర్ట్ కోట్స్ కండక్ట్ చేశాడు. తన వంతు రిహార్సల్‌ను ఆయన గడువు దాటించి ఎల్గార్ సమయంలోకి చొచ్చుకుపోయాడు. ఎల్గార్ కాన్సర్టోను వెనక్కి తీసుకోవాలన్నంత కోపగించుకున్నా, నెలల తరబడి సాధన చేసిన సాల్మండ్ ముఖం చూసి ఆగిపోయాడు. ఆనాటి ఆర్కెస్ట్రాలో చెల్లో వరసలో కూర్చున్న కుర్రాడు జాన్ బార్బిరోలీ. 1965లో, అదే ఆర్కెస్ట్రాను ఆయన కండక్ట్ చేయగా, ఇరవయ్యేళ్ల చెల్లో వాద్యకారిణి జాక్విలిన్ డు ప్రే చేసిన రికార్డింగుతో ఈ కాన్సర్టో ప్రపంచమంతా ఇంటింటికీ చేరింది. ఈ రెండు తేదీల మధ్య కృతిలో ఒక్క స్వరం మారలేదు. లండన్ సింఫనీ అంతటి ఆర్కెస్ట్రాకే సాధన తక్కువైతే ఇది నిలబడలేదన్న సంగతి నిర్వాహకులు ముందుగా గుర్తుంచుకోవాలి.

చెల్లో గొంతు మనిషి గొంతుకు దగ్గర. నాలుగు తీగలు: సి, జి, డి, ఎ. కంపనాల లెక్కలో సెకనుకు సుమారు 65, 98, 147, 220. ఆర్కెస్ట్రాలో సగం వాద్యాలు పలికేదీ ఈ మధ్యస్థాయిలోనే కాబట్టి చెల్లో వాటి కింద సులువుగా మునిగిపోతుంది. వయొలిన్‌కు ఈ బాధ తక్కువ, అది పైన ఎగురుతుంది. అందుకే చెల్లో కాన్సర్టో రాయడం కత్తి మీద సాము. ఎల్గార్ ఈ చిక్కును రాతలోనే విప్పేశాడు. పూర్తి ఆర్కెస్ట్రా గట్టిగా మోగే చోట్లలో ఎక్కువగా చెల్లో మౌనంగా ఉంటుంది. చెల్లో పాడేటప్పుడు తీగవాద్యాలు సన్నగా పరుచుకుంటాయి, ట్రాంబోన్లు ఒళ్లో వాద్యం పెట్టుకుని కూర్చుంటాయి. మూడో భాగం, అడాజియో అనే నెమ్మది భాగం, మొత్తం 60 బార్లే, అంటే 60 తాళావర్తాల లాంటివే. అందులో ట్రంపెట్లూ లేవు, ట్రాంబోన్లూ లేవు. ఆ 60 బార్లలో చెల్లో ఆగేది ఒక్క బారులోనే. అంటే సౌండ్ మిక్సర్ ముందు కూర్చున్న మనిషి చేద్దామనుకునే పనిని స్వరకర్త వందేళ్ల కిందటే కాగితం మీద చేసిపెట్టాడు. దాని మీద మళ్లీ చెయ్యి చేసుకోవడం వండిన కూరలో ఇంకోసారి ఉప్పు వేయడమే.

మైకు ఏం చేస్తుందో మొదటి పది సెకన్లలోనే తెలిసిపోతుంది. ఈ కాన్సర్టో ఆర్కెస్ట్రాతో మొదలవదు. ఒంటరి చెల్లో నాలుగు నిండు కార్డులు, అంటే కలిసి పలికే స్వరాల గుంపులు, గట్టిగా, హుందాగా వాయిస్తుంది. మన వీణ భాషలో గుర్రం అనే బ్రిడ్జి వంపుగా ఉంటుంది కాబట్టి కమాను ఒకేసారి నాలుగు తీగలనూ పట్టలేదు. కింది తీగల మీద వాలి, అక్కడి నుంచి పై తీగల మీదికి దొర్లుతుంది. ఆ దొర్లడంలో కమానుకు కట్టిన గుర్రపు తోక వెంట్రుక తీగను గీరే గరగర ఉంటుంది. పది అడుగుల దూరానికే అది స్వరంలో కరిగిపోతుంది, ఇరవయ్యో వరసకు నిండైన కార్డు మాత్రమే చేరుతుంది. బ్రిడ్జికి జానెడు దూరంలో మైకు పెడితే ఆ గరగర, వాద్యకారుడి ఊపిరి, ఫింగర్ బోర్డు మీద వేళ్ల చప్పుడు కార్డు కంటే ముందు హాలంతా పరుచుకుంటాయి. పైగా మనిషి మధ్యలో కూర్చుంటే ధ్వని రెండు పక్కల స్పీకర్ల నుంచి వస్తుంది. కన్ను ఒక చోట, చెవి ఇంకో చోట. ఆర్కెస్ట్రా నుంచి చెల్లోను విడదీసి తెచ్చి ఒళ్లో పెట్టినట్టుంటుంది.

ఇంకో చోటు చెబుతాం. చివరి భాగంలో ఒక దగ్గర ఆర్కెస్ట్రాలోని చెల్లోలన్నీ సోలో చెల్లోతో కలిసి ఒకే స్వరాలను ఒకే గొంతుగా వాయిస్తాయి. అప్పటిదాకా ఒంటరిగా మాట్లాడిన వాద్యం తన వాళ్లలో కలిసిపోయే క్షణం అది. ఇంత ధైర్యం కాన్సర్టోల్లో అరుదు. సోలో కనిపించకుండా పోవడమే అక్కడి అందం. సోలోకు మైకు ఉంటే వాద్యకారుడు ఎంత తగ్గి వాయించినా ఆ గొంతు గుంపు మీద నూనెలా తేలుతుంది, క్షణం పోతుంది. ఆ చోట ఫేడరు, అంటే మైకు శబ్దాన్ని పెంచి తగ్గించే మీట, దించమని సౌండ్ ఇంజినీరుకు ముందే చెప్పవచ్చు కదా అనవచ్చు. దించితే వాల్యూము తగ్గడమే కాదు, గొంతు స్వభావం కూడా మారుతుంది. శ్రోతకు అది ఇట్టే తెలుస్తుంది.

మైకు మీద మాకు పగ లేదు. కర్ణాటక కచేరీల్లో గాత్రం, వయొలిన్, మృదంగం మూడింటికీ మైకులు పెట్టడం ఎప్పటి నుంచో అలవాటు. కళాకారులూ దానికి తగ్గట్టే గొంతునూ చేతినీ అదుపులో ఉంచుకుంటారు. తారామతి బారాదరి లాంటి ఆరుబయట వేదిక మీదైతే మైకు లేకుండా చెల్లో పదో వరస దాటదు. అందుకే అలాంటి చోట ఈ కృతిని ఎంచుకోకూడదంటున్నాం. గోల్కొండ కోట ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బారాదరి దాకా వినిపిస్తుందని మన పిల్లలకు గర్వంగా చూపిస్తాం కదా, ధ్వనిని రాయీ గచ్చూ మోసుకెళ్లగలవని ఈ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. రికార్డింగు కోసమైతే కండక్టరు తల వెనకగా, మూడు మీటర్ల ఎత్తులో రెండు మైకులు కట్టుకోవచ్చు. వాటిని హాలు స్పీకర్లకు కలపకుండా ఉంటే చాలు.

హాలు విషయం అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కొంచెం వివరంగా. మన ఆడిటోరియాలు ఎక్కువగా ఉపన్యాసానికీ నాటకానికీ నృత్యానికీ కట్టినవి. మాట స్పష్టంగా వినిపించడానికి ప్రతిధ్వని ఆరిపోయే సమయం ఒక సెకను లోపు ఉంటే మంచిది. ఆర్కెస్ట్రాకు 1.8 నుంచి 2.2 సెకన్లు కావాలి. రెండు వేలకు పైగా సీట్లున్న శిల్పకళా వేదిక ఈ కృతికి మరీ పెద్దది. రవీంద్రభారతి స్థాయి హాలు సరిపోతుంది, కానీ వేదికను సిద్ధం చేసుకోవాలి. ఆబిడ్స్, సికింద్రాబాద్‌ల్లోని పాత చర్చిల్లో ప్రతిధ్వని ధారాళం. అక్కడ అడాజియో అద్భుతంగా పలుకుతుంది. రెండో భాగంలో గబగబా పరుగెత్తే స్వరాలు మాత్రం ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతాయి. చోటు కూడా చాలదు, యాభై మందికి కుర్చీ, స్టాండు, కమాను ఆడే జాగా కావాలంటే కనీసం వంద చదరపు మీటర్లు ఉండాలి.

వేదిక మీద మొదట చేయాల్సిన పని తెరలు తీయడం. పక్క తెరలు, వెనక నల్ల తెర, పైన వేలాడే పట్టీలు, కింద కార్పెట్, అన్నీ ధ్వనిని మింగేవే. ఆర్కెస్ట్రాను వీలైనంత ముందుకు, తెర గీత దాటించి కూర్చోబెట్టాలి. వెనకా పక్కలా ప్లైవుడ్ పలకలు నిలబెట్టాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. డబ్బు మిగులుతుందని ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడితే ఆ పలక తనే డప్పులా ఊగి మంద్రస్వరాలను పీల్చేసుకుంటుంది. చెల్లో, డబుల్ బాస్‌లు పీలగా వినిపిస్తాయి. 18 మిల్లీమీటర్ల మందం, వెనక చట్రం గట్టిగా బిగించి ఉండాలి. ఎత్తు ఎనిమిది అడుగులకు తగ్గకూడదు. పలకలను కొద్దిగా కోణంగా పెట్టాలి, ఎదురెదురుగా సమాంతరంగా పెడితే చప్పుడు రెండింటి మధ్య బంతిలా కొట్టుకుంటుంది.

సోలో చెల్లోకు ప్రత్యేకంగా ఒక చెక్క పీఠం కావాలి. సుమారు ఆరడుగుల పొడుగు, ఐదడుగుల వెడల్పు, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు. పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, లోపల బోలు. చెల్లో అడుగున ఉండే లోహపు కడ్డీ మొన నేలను తాకుతుంది కదా, కాయం కదలిక ఆ కడ్డీ గుండా పీఠంలోకి దిగి దాన్నీ మోగిస్తుంది. మంద్రస్వరాలకు అదే బలం. పీఠం మీద కార్పెట్ వేస్తే ఆ బలమంతా పోతుంది. సిమెంటు, టైల్స్ మీద నేరుగా కూర్చోబెడితే కడ్డీ జారిపోతుంది కూడా. పీఠం కాళ్లు నాలుగూ నేలకు సరిగ్గా ఆనాలి. ఒక కాలు ఎత్తుగా ఉంటే ప్రతి గట్టి కమాను దెబ్బకూ టకటకమంటుంది. దాన్ని రిహార్సల్ నాడే పట్టుకోవాలి. అలంకరణ పేరుతో వాద్యకారుడి ముందు పూలకుండీల వరస పెట్టవద్దని కూడా వేడుకుంటున్నాం.

హాలు నిశ్శబ్దం గురించి ఎవరూ మాట్లాడరు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్లు, పాత ట్యూబులైట్ల చోకులు దానికి రెట్టింపుగా 100 హెర్ట్జ్‌లో గుయ్యిమంటాయి. చెల్లో జి తీగ 98 హెర్ట్జ్. శ్రుతి కుదరని తంబురాను పక్కన పెట్టుకుని పాడినట్టే. మంద్రంలో సన్నగా జి స్వరం పట్టుకున్న ప్రతిసారీ ఆ గుయ్యిమనే మోతతో కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతున్నట్టు వినిపిస్తుంది. శ్రోతకు కారణం తెలియదు, వాద్యకారుడు అపశ్రుతి వాయిస్తున్నాడనుకుంటాడు. కాబట్టి హాలు ఖాళీగా ఉన్న ఒక రాత్రి అన్నీ ఆపి, ఒక్కొక్క స్విచ్చే వేస్తూ ఏది మోగుతోందో విని రాసుకోవాలి. లైట్ల డిమ్మర్లు వేదికకు దూరంగా ఉండాలి. జనరేటరు గోడవతల నడుస్తుంటే దాని మోత నేల గుండా వస్తుంది. కచేరీకి ముందే విద్యుత్ శాఖ వారితో మాట్లాడుకోవడం మేలు.

ఏసీ ఇంకో చిక్కు. గట్టిగా తిప్పితే గాలి హోరు అడాజియోను కప్పేస్తుంది. పూర్తిగా ఆపితే వెయ్యిమంది ఒంటి వేడికి హాలు వేడెక్కుతుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే ఊదే వాద్యాల శ్రుతి సుమారు మూడు సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పైకి పోతుంది. నాలుగు డిగ్రీలు పెరిగితే పన్నెండు సెంట్లు. అదే వేడికి తీగవాద్యాలు కిందికి జారతాయి. చివరి భాగానికి వచ్చేసరికి క్లారినెట్లూ వయొలిన్లూ ఎడమొహం పెడమొహం అవుతాయి. మా సలహా ఇది. జనం రాకముందు రెండు గంటలు హాలును బాగా చల్లబరచండి. కాన్సర్టో నడిచే అరగంట బ్లోయర్లను అతి తక్కువ వేగానికి దించండి, ఆపవద్దు. రిహార్సల్ కూడా అదే చలువలో జరగాలి.

నెల ఎంపిక చెల్లో ఆరోగ్యానికి సంబంధించినది. దాని పైపలక స్ప్రూస్, వెనక పలకా పక్కలూ మేపుల్. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురుతో అంటిస్తారు. ఒత్తిడి ఎక్కువైతే చెక్క పగలకుండా అతుకే విడిపోవాలని ఆ ఏర్పాటు. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం ఉంటే దానికి హాయి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండిపోయిన గాలికి చెక్క ముడుచుకుంటుంది, బిరడలు వదులై జారిపోతాయి, అతుకులు విడతాయి. వానాకాలంలో అవే బిరడలు ఉబ్బి బిగుసుకుంటాయి, కమాను వెంట్రుకలు సాగిపోయి ఎంత బిగించినా మెత్తగా ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. బయటి నుంచి వచ్చే సోలోయిస్టు కనీసం రెండు రోజుల ముందు చేరితే వాద్యం ఈ గాలికి అలవాటు పడుతుంది. ఆయన గదిలోనూ గ్రీన్‌రూములోనూ పదిహేను వందల రూపాయల లోపు దొరికే తేమ మీటరు ఒకటి పెట్టండి. ఎండలో నిలిపిన కారులో చెల్లోను పది నిమిషాలు కూడా వదలకూడదు, వార్నిషు మెత్తబడి పెట్టె లోపలి గుడ్డ అచ్చు దాని మీద పడుతుంది.

తేమ మారితే వుల్ఫ్ నోట్ అనే జబ్బు కూడా చోటు మారుతుంది. ప్రతి మంచి చెల్లోలోనూ డి తీగ మీద ఇ, ఎఫ్ స్వరాల చుట్టుపక్కల కాయం సొంత కంపనం ఉంటుంది. సరిగ్గా ఆ స్వరం వాయిస్తే తీగా కాయమూ ఒకదాంతో ఒకటి పోట్లాడి స్వరం గురగురమని తడబడుతుంది. ఈ కాన్సర్టో ఇ మైనర్‌లో ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కలకు పదేపదే రావాల్సిందే. బ్రిడ్జికీ, తీగల కింది కొసలు కట్టే టెయిల్‌పీసుకూ మధ్య తీగకు చిన్న ఇత్తడి గొట్టం తొడిగి, దాన్ని అటూ ఇటూ జరిపి అదుపు చేస్తారు. అందుకే సోలోయిస్టు హాలుకు వచ్చి ఒంటరిగా గంటసేపు వాయించుకుంటానంటే దాన్ని డాంబికం అనుకోవద్దు.

ఇక మనుషులు. ఎల్గార్ అడిగినవి రెండు ఫ్లూట్లు, రెండు ఓబోలు, రెండు క్లారినెట్లు, రెండు బసూన్లు, నాలుగు హార్న్‌లు, రెండు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, ఒక ట్యూబా, టింపనీ అనే పెద్ద డోళ్లు. మొత్తం పంతొమ్మిది మంది. ట్యూబా ఉంటే ఉండవచ్చు, లేకపోయినా సరేనని స్వరకర్తే రాశాడు. వీటికి దీటుగా తీగవాద్యాలు కనీసం 10 మొదటి వయొలిన్లు, 8 రెండో వయొలిన్లు, 6 వియోలాలు (వయొలిన్ కంటే కొంచెం పెద్దవి), 6 చెల్లోలు, 4 డబుల్ బాస్‌లు కావాలి. ముప్ఫై నలుగురు. మొత్తం యాభై ముగ్గురు. ఖర్చు తగ్గించాలని తీగవాద్యాలను ఇరవైకి కుదించి ఇత్తడి వాద్యాలను మాత్రం పూర్తిగా ఉంచితే, ఎల్గార్ కట్టిన తూకం తలకిందులవుతుంది. అప్పుడే 'చెల్లో వినిపించడం లేదు, మైకు పెట్టండి' అనే మాట పుడుతుంది.

వియోలాల సంఖ్యలో బేరం వద్దని ప్రత్యేకంగా చెబుతున్నాం. మొదటి భాగంలో 9/8 తాళంలో ఊగే ప్రధాన రాగాన్ని ముందుగా పాడేది సోలో చెల్లో కాదు, వియోలాలు. అదీ తోడు లేకుండా, ఒంటరిగా. ఆ తర్వాతే చెల్లో దాన్ని అందుకుంటుంది. ఇద్దరు వియోలా వాద్యకారులతో ఆ చోట నెట్టుకొస్తే ఒకరి కమాను వణికినా హాలంతా వింటుంది. మన దగ్గర వయొలిన్ వాయించేవారు బాగానే ఉన్నారు, వియోలా వాళ్లు కరువు. ముంబై, చెన్నైల నుంచి పిలిపించడానికి ఆరు నెలల ముందు నుంచే మాట్లాడుకోవాలి. ఓబో, బసూన్‌ల సంగతీ అంతే. రెండూ మన నాదస్వరం లాగే జంట పీకలతో పలికేవి, వాద్యకారులు తక్కువ. బసూన్ దొరకలేదని ఆ భాగాన్ని కీబోర్డుకు అప్పగించడం మన నగరంలో అలవాటుగా మారుతోంది. కీబోర్డుకు స్పీకరు కావాలి, ఒక స్పీకరు లోపలికి వచ్చాక మిగతావి తోసుకుని వస్తాయి. బసూన్ లేకపోతే ఆ స్వరాలను బాస్ క్లారినెట్‌తోనో, ఆర్కెస్ట్రాలోని ఒక చెల్లోతోనో వాయించడం దానికంటే నయం.

పెద్ద ఆర్కెస్ట్రా దొరకదు, బదులుగా రష్యన్ స్వరకర్త షొస్తకోవిచ్ 1959లో చెల్లో వాద్యకారుడు రొస్ట్రోపోవిచ్ కోసం రాసిన మొదటి చెల్లో కాన్సర్టో చేస్తే సరిపోతుంది కదా అని కొందరంటున్నారు. నిజమే, అందులో ఇత్తడి వాద్యం ఒకే ఒక్క హార్న్. మాకూ ఆ కృతి అంటే ప్రాణం. కానీ ఆ ఒక్క హార్న్ వాద్యకారుడు దాదాపు రెండో సోలోయిస్టు అంతటివాడై ఉండాలి. రెండో భాగం చివర చెల్లో తీగను తేలిగ్గా తాకి పలికించే సన్నని హార్మోనిక్స్‌కు జతగా సెలెస్టా (మీటలు నొక్కితే చిన్న గంటల్లా పలికే వాద్యం) మోగాలి. అది లేకపోతే మళ్లీ కీబోర్డే. పైగా షొస్తకోవిచ్ 1975లో మరణించాడు. మన చట్టంలో కాపీరైటు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు కాబట్టి 2035 చివరి దాకా స్వరపత్రాలను ప్రచురణకర్త నుంచి అద్దెకు తెచ్చుకోవాలి. ఎల్గార్ 1934లో పోయాడు. అప్పట్లో గడువు 50 ఏళ్లే కాబట్టి ఆయన కాపీరైటు మన దేశంలో 1984తో ముగిసింది. పాత ముద్రణల స్వరపత్రాలను స్వేచ్ఛగా అచ్చు వేసుకోవచ్చు. కొత్తగా పరిష్కరించిన ముద్రణలకు మాత్రం వేరే హక్కులు ఉండవచ్చు, చూసుకోవాలి.

అచ్చు వేసుకోవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. పాత ముద్రణల పేజీ ఎ4 కంటే పెద్దది. కుదించి ఎ4 మీద తీస్తే రెండో భాగంలోని చిట్టి స్వరాలు చీమల బారులా ఉంటాయి. అసలు పేజీకి రెట్టింపు ఉన్న కాగితం మీద, కుదించకుండా రెండేసి పేజీలు తీసి మధ్యకు మడిచి కుట్టాలి. కాగితం 100 జీఎస్‌ఎం తగ్గితే ఫ్యాను గాలికే ఎగురుతుంది. తీగవాద్యాలకు ఇద్దరికి ఒక ప్రతి చొప్పున పదిహేడు, మిగతావారికి తలా ఒకటి చొప్పున పంతొమ్మిది, మొత్తం ముప్ఫై ఆరు ప్రతులు. కమాను ఎప్పుడు పైకి, ఎప్పుడు కిందికి అన్న గుర్తులు మొదటి వయొలిన్ నాయకుడు వేసి, మొదటి రిహార్సల్‌కు ముందే అన్ని ప్రతుల్లోకీ పెన్సిల్‌తో ఎక్కించాలి. ఈ పని రిహార్సల్‌లో మొదలుపెడితే ముప్పావు గంట హరించుకుపోతుంది.

రిహార్సళ్ల లెక్క చెబుతాం. తీగవాద్యాలకు విడిగా రెండున్నర గంటల చొప్పున రెండు. ఊదేవాళ్లకూ టింపనీకీ కలిపి ఒకటి. అందరూ కలిసి మూడు గంటల చొప్పున మూడు. అందులో రెండు సోలోయిస్టుతో, చివరిది కచేరీ జరిగే హాలులోనే. దీనికి తక్కువైతే ఈ కృతి జోలికి పోకపోవడం మంచిది. చూడ్డానికి ఆర్కెస్ట్రా భాగం కష్టంగా ఉండదు, అసలు మోసం అక్కడే ఉంది. స్వరాలు సులువు, కలిసి నడవడం కష్టం. చెల్లో ఆలాపనలా సాగదీసి, జారు గమకం లాంటి జారుడుతో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దిగి, ఒక్క క్షణం ఊపిరి పట్టి ముందుకు దూకుతుంది. ఎక్కడ దూకుతుందో యాభై మందికీ ఒకేసారి తెలియాలి.

తప్పకుండా తడబడే చోట్లు రెండున్నాయి. మొదటి భాగం నుంచి రెండో భాగానికి విరామం లేదు. ఆరంభ కార్డులను చెల్లో ఈసారి కమానుతో కాకుండా వేళ్లతో మీటుతుంది, ఆ తర్వాత ఒకే స్వరాన్ని గబగబా కొట్టే చిన్న పదాన్ని మొదలుపెట్టి ఆగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ ఆగుతుంది. చివరికి పరుగు అందుకునే క్షణంలో కండక్టరు చేతికంటే సోలోయిస్టు మోచేతిని చూడటం వయొలిన్లకు అలవాటు కావాలి. ఆ పరుగు మధ్యలో రాగం ఒక్కసారి విశాలంగా సాగి వెంటనే పాత వేగానికి తిరిగి వస్తుంది. అక్కడ వెనకపడ్డ వయొలిన్లు ఆ భాగం అయ్యేదాకా వెనకే ఉంటాయి. రెండో చోటు ముగింపు. చివరి భాగం ధీమాగా నడుస్తూ నడుస్తూ నెమ్మదిస్తుంది. అడాజియో రాగం గుర్తుకొచ్చినట్టు తిరిగి వస్తుంది, దాని వెనకే మొట్టమొదటి కార్డులు. ఆ వెంటనే ఆర్కెస్ట్రా గట్టిగా, వేగంగా నాలుగు మాటల్లో తలుపు వేసినట్టు ముగించేస్తుంది. అరగంటలో అందరూ అలిసి, మనసు కరిగి ఉన్న సమయంలో ఆ వేగాన్ని అందుకోవడం తేలిక కాదు. హాలులో జరిగే చివరి రిహార్సల్‌లో మొదట వాయించాల్సింది ఈ ఆఖరి రెండు నిమిషాలే.

శ్రోతల కోసం ఒక మాట. మన కచేరీల్లో బాగున్న చోట భేష్ అనడం, చప్పట్లు కొట్టడం మర్యాద, అదే అలవాటు ఇక్కడికీ వస్తుంది. ఈ కృతిలో భాగాల మధ్య ఆగిన చోట్ల తీగలు ఇంకా కదులుతూనే ఉంటాయి. ముఖ్యంగా అడాజియో ముగిశాక ఆ నిశ్శబ్దం కూడా సంగీతమే. ప్రవేశద్వారం దగ్గర ఇచ్చే కరపత్రంలో తెలుగులో ఇవి రాస్తే చాలు: మొదటి రెండు భాగాలూ కలిసే వస్తాయి, మూడోది చాలా నెమ్మదిగా ఉంటుంది, పాత కార్డులు మళ్లీ వినిపించి ఆర్కెస్ట్రా గట్టిగా ముగించినప్పుడు చప్పట్లు కొట్టండి. వేదిక మీది ఎల్‌ఈడీ తెర బదులు ఈ కరపత్రం వెయ్యి ప్రతులు వేయించండి. తెర ఫ్యాన్ల చప్పుడూ తప్పుతుంది.

మీ పత్రికకు మా విన్నపం ఒకటే. కచేరీ సమాచారం ప్రచురించేటప్పుడు ప్రారంభ సమయంతో పాటు తలుపులు మూసే సమయం కూడా వేయండి. ఈ కాన్సర్టోకు ఉపోద్ఘాతం లేదు. చెల్లో వాద్యకారుడు కూర్చుని, కమాను ఎత్తి, మొదటి కార్డు వాయించేస్తాడు. ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి పంపడానికి తగిన విరామం రెండో భాగం ముగిసేదాకా, అంటే సుమారు పన్నెండు నిమిషాల దాకా ఉండదు. టికెట్టు మీద కూడా ఆ గడువును అచ్చు వేయమని నిర్వాహకులను కోరుతున్నాం.

ఇట్లు,
చెల్లో, వయొలిన్, వియోలా వాద్యకారులు కొందరు
హైదరాబాద్